పత్తి అర్రలో తొట్టెల

మా అత్తగారింట్లో చంటిపిల్లలు ఏడ్వరని పెళ్లిచూపులనాడే మా అమ్మతో గొప్పగా చెప్పుకున్నారు. "మా ఇంట్ల పోరగాండ్ల సప్పుడే ఇనబడదు వదినా! ఉన్నరా లేరా అన్నట్టుంటరు" అన్నది మా అత్త. మా అమ్మ మురిసిపోయింది, పిచ్చిది. ఏడ్వని చంటిపిల్ల లోకంలో ఎక్కడైనా ఉంటుందా అని అడగడానికి మావాళ్లలో ఒక్కరికీ నోరు రాలేదు.

ఊరు మంజీర పక్కన, బిలోలి తాలూకాలో. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, కచేరీలో ఉర్దూ. నిజాం సర్కారు రోజులు. నల్లరేగడి భూములు కాబట్టి అందరిదీ పత్తి. పత్తి పగిలిందంటే ఇంట్లో నడవగలిగిన ఆడదన్నది మిగలకూడదు, అందరూ చేన్లోనే. మరి చంటిపిల్లల సంగతి? దానికొక మందు ఉండేది. నల్లమందు. దొంగచాటుదేమీ కాదు, బిలోలిలో సర్కారు లైసెన్సున్న ఠేకా దుకాణంలో పొగాకు కొన్నట్టు కొనుక్కొచ్చేవారు. ఆవగింజంత తుంచి, సానమీద తల్లిపాలతో అరగదీసి, వేలికి రాసి బిడ్డ నోట్లో పెట్టేవారు. పొద్దు వాలేదాకా బిడ్డ కదలదు, మెదలదు. ఆ చుట్టుపక్కల అందరూ చేసిందేనని ఇప్పుడు నాతో అనేవాళ్లున్నారు. అందరూ చేస్తే అది మంచిదైపోయిందా? ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ ఇంట్లో ఇంకో మర్యాద ఉండేది. ఆ మర్యాదను ఎత్తుకెళ్లి మంజీరలో కలపాలి. కన్నతల్లి పెద్దల ముందు తన బిడ్డను తను ఎత్తుకోకూడదు, ముద్దు చేయకూడదు, 'నా బిడ్డ' అనకూడదు. అంటే సిగ్గులేనిదన్నమాట. బిడ్డ ఏడిస్తే ఎవరి చేతికి దగ్గరుంటే వాళ్లు చూడాలి, పాలకు మాత్రం తల్లిని పిలవాలి. అందరి బిడ్డ అంటారు కదా, చెవికి ఎంత ఇంపుగా ఉంటుంది! అందరి బిడ్డ అయినప్పుడు ఎవరు ఏం పెట్టారో, ఎప్పుడు పెట్టారో అడిగే దిక్కు ఎవరు?

నా మొదటి బిడ్డను మా అమ్మ వాళ్లింట్లో కన్నాను. మెడ నిలబెట్టే వయసులో అత్తగారింటికి తెచ్చాను. అప్పుడే పత్తి మొదలైంది. ఒకరోజు నన్ను చేనికి పంపారు. మా అత్త పొద్దున్నే బిడ్డకు నల్లమందు నాకించి పెరట్లో పనికి పోయింది. మా బావ భార్య, అంటే నా పెద్ద యారాలు, రొట్టెలు చేయడానికి ఇంట్లో ఉండిపోయింది. మధ్యాహ్నం తొట్టెల్లో బిడ్డ కాస్త మెదిలితే, పొద్దున ఇవ్వలేదేమో అనుకుని తనూ నాకించింది. నేను పొద్దుగూకాక వచ్చేసరికి నా రవికంతా పాలతో తడిసి ఉంది. బిడ్డ నోరు తెరవలేదు. పెదాలు నల్లగా ఉన్నాయి. కాళ్లు రుద్దాం, నీళ్లు చిలకరించాం, పేరు పెట్టి పిలిచాం. పోయింది.

ఆ ఏడుపుల్లోనే యారాలు "నేను గింతే ఇచ్చిననే అత్తా, గింతే ఇచ్చిన" అని గుండెలు బాదుకుంది. మా అత్త ఏడుపు ఆపి, "నేను పొద్దుగాలనే ఇచ్చిన గదనే" అన్నది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను చూశాను ఆ చూపు. అంతే, ఆ మాట మళ్లీ ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. తెల్లవారేసరికి బిడ్డకు గాలి సోకిందని ఊరంతా తెలిసింది. దిష్టి తీయడానికి నిమ్మకాయలు, మిరపకాయలు తెచ్చారు. పోయిన బిడ్డకు దిష్టేమిటి, నా మొహం! నన్ను ఓదార్చడానికి వచ్చిన ప్రతి మనిషీ గాలి అన్నది. మా ఆయన కూడా గాలే అన్నాడు.

నేను మళ్లీ నెల తప్పినప్పుడు మా అమ్మ నన్ను పట్టుబట్టి తీసుకుపోయింది. మళ్లీ ఆడపిల్లే. నెలలు గడిచాక మా ఆయన బండి కట్టుకొని వచ్చాడు. నేను మూట కట్టలేదు. గడపలోనే నిలబెట్టి చెప్పాను.

"నాకు పత్తి అర్ర గావాలె. బిడ్డను అండ్లనే పెంచుత. ఇస్తమంటెనే బండెక్కుత."

పత్తి అర్ర అంటే మా అత్తగారింట్లో పడమటి గది. చేన్లో ఏరిన పత్తిని నాందేడులో గింజ తీసే జిన్నింగు మిల్లుకు పంపేదాకా అందులో కుప్ప పోసేవారు. ఇంట్లో కిటికీ ఉన్న గది అదొక్కటే. పత్తికి ఇచ్చిన కిటికీ మనుషులకు ఇవ్వలేదు, అది వేరే కథ.

"నీకు పిచ్చి లేసిందా? పత్తి ఏరే సుగ్గిల అర్ర ఎట్లిస్తరు? మా బాపు ఒప్పుకుంటడా?" అన్నాడు మా ఆయన.

"నల్లమందుకు ఒప్పుకున్నోడు అర్రకెందుకు ఒప్పుకోడు?"

ఆయన చుట్టూ చూశాడు, మా నాన్న విన్నాడేమోనని. "జానే దో, అయిపోయిన ముచ్చట ఎందుకు తీస్తవు. బిడ్డకు గాలి—"

"గాలి అన్నవంటే ఇగో, గా బండి ఒట్టిగనే తోల్కపో!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. పక్కింటి వాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. మా నాన్న చుట్ట పక్కన పెట్టి, "అల్లుడా, అర్ర ఇచ్చేటట్టుంటే చెప్పు, లేకుంటే భోజనం చేసి పో" అన్నాడు. మా ఆయన భోజనం చేయలేదు. "ఇప్పిస్త పా" అన్నాడు. ఆయన మాట ఆయన ఇంట్లో ఎంత చెల్లుతుందో నాకు తెలుసు. అయినా బండెక్కాను, ఎందుకంటే ఆ మాట చెల్లకపోతే చెల్లించుకునే ఓపిక నాకు వచ్చేసింది.

ఊహించినట్టే అయింది. నేను దిగేసరికి పత్తి అర్ర సగానికి పైగా నిండి ఉంది. మా అత్త హారతి పళ్లెం పట్టుకొని వచ్చింది, దిగదుడిచింది, "కిందర్రల తొట్టెల కట్టిన" అన్నది. కిందర్ర అంటే ధాన్యం గాదె పక్క చీకటి మూల, మొదటి బిడ్డ పడుకున్న మూల. బిడ్డను ఎడమ చంకన పెట్టుకొని, నడుముకు కొంగు బిగించి, అర్రలోకి పోయి గంప తీసుకొని పత్తి బయటికి మోయడం మొదలుపెట్టాను. పంచలో కుప్ప పోశాను.

"అగ బాయి! గిదేం పాడు బుద్ధి పిల్లా! పత్తిల మన్ను గలుస్తది!" అని మా అత్త అడ్డం వచ్చింది.

"కలవనీ."

"మళ్లా ఆడపిల్లనే గదనే, దానికి అర్రెందుకు?"

నేను గంప దించలేదు. "ఆడపిల్లకు గాలి సోకదా అత్తా?" అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. అడ్డం తప్పుకుంది.

మా మామ పంచలో కూర్చొని అంతా చూస్తున్నాడు. పెద్దమనిషి, ఊళ్లో పంచాయితీలు చెప్పేవాడు, ఇంట్లో చంటిపిల్ల చచ్చిపోతే నోరు విప్పనివాడు. పత్తి మట్టి కొట్టుకుపోతుందన్న బాధ మాత్రం ఆయన్ను లేపింది. జీతగాళ్లను పిలిచి, మిగిలిన పత్తి బండ్లకెత్తించి, ధర ఇంకా పెరుగుతుందేమో చూద్దామనుకున్నవాడు ఆరోజే నాందేడుకు తోలించేశాడు. నాకు అర్ర దక్కింది. బిడ్డ కోసం కాదు, పత్తి కోసం. తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

ఇక ఆ అర్రను నేను సర్దిన తీరు చెప్తాను. మొదట మూలమూలా దులిపాను. పత్తి ఉన్నచోట ఎలుకలుంటాయి, తేళ్లుంటాయి. కన్నాల్లో సున్నం, ఇటుక ముక్కలు కుక్కాను. గోడలకు సున్నం కొట్టి, కింద పేడతో అలికి, ఎండేదాకా కాలు పెట్టనివ్వలేదు. తొట్టెలను కిటికీకి ఎదురుగా కట్టలేదు, కొద్దిగా పక్కకు కట్టాను. వెలుతురు పడాలి కానీ గాలి నేరుగా ఛాతీకి తగలకూడదు. తొట్టెల తాళ్లకు వేపనూనె రాశాను, చీమలు దిగకుండా. తొట్టెల కింద ఇసుక పోశాను, తడి కారితే ఇసుక ఎత్తి పారేసి కొత్తది పోస్తే చాలు.

మా ఆయన పాత ధోతులు, నా పాత చీరలు చింపి, ఉతికి ఉతికి మెత్తగా చేసిన గుడ్డలు ఒక మూతగంపలో. తడిసినవి వేయడానికి వేరే కుండ, అది గుమ్మం అవతల. ఆరేసే తాడు కిటికీకి బయట, ఎండ తగిలేట్టు. తడిగుడ్డ పొయ్యి మీద ఆరబెట్టి పొగవాసన కొట్టేది బిడ్డకు కట్టడం మా అత్తగారింటి వాడుక, దాన్ని నేను మాన్పించాను. నీళ్లకు రెండు పాత్రలు, ఒకటి స్నానానికి, ఒకటి నేను తాగడానికి కాచి చల్లార్చినది, దానిమీద మూత, మూతమీద రాయి. స్నానానికి గోడ పక్కన రెండు బండలు వేసి, నీళ్లు బయటికి పోయేట్టు తూము కొట్టించాను. బండల మీద కూర్చొని కాళ్లు చాపి, కాళ్లమీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి నీళ్లు పోస్తే ఒక్క చుక్క గదిలో నిలవదు. ఆముదం గిన్నె, సున్నిపిండి, ఊదు పొగకు మట్టి మూకుడు, అన్నీ గూట్లో. ఒక చేత బిడ్డ ఉంటే రెండో చేతికి అందాలి, లేవాల్సిన పని ఉండకూడదు. అలా ఒక్కొక్క వస్తువు పెట్టి, కూర్చొని చేయి చాపి చూసుకున్నాను. అందని దాన్ని మార్చి పెట్టాను.

సాన మాత్రం ఆ అర్రలోకి రానివ్వలేదు. వస కొమ్ము అరగదీయడానికైనా సరే, వద్దంటే వద్దు. బిడ్డ నోట్లోకి పోయేది నా పాలొక్కటే. గడప మీద నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను. "ఎవ్వలన్న ఏమన్న పెట్టిండ్రంటే బావిల దుంకుత. ఒట్టి మాట అనుకుంటున్నరేమో, దుంకి సూపిస్త."

అప్పుడు మొదలైంది బిడ్డ ఏడుపు. అబ్బా, ఏం ఏడుపది! ఆకలికి ఏడ్చింది, తడిస్తే ఏడ్చింది, ఊరికే ఏడ్చింది. మందు తినని బిడ్డ ఏడ్చినట్టే ఏడ్చింది. ఆ ఇల్లు ఎన్నడూ వినని చప్పుడు. మా మామ పంచలోంచి వేపచెట్టు కిందకు మకాం మార్చాడు. మా బావ అన్నం ముందు కూర్చొని "ఇదేమన్న ఇల్లా, అంగడా?" అని కంచం తోసేశాడు. పక్కింటామె వచ్చి బిడ్డ కడుపులో ఏదో ఉందన్నది. వాళ్లందరూ మొదటి బిడ్డ సద్దుమణిగి పడుకున్నప్పుడు బంగారు బిడ్డ అని మెచ్చుకున్నవాళ్లే. నేను ఎవరి మాటా చెవిన వేసుకోలేదు. ఏడ్చినప్పుడల్లా అందరి ముందే ఎత్తుకున్నాను. నా బిడ్డ అన్నాను. సిగ్గులేనిదన్నారు. అననీ.

యారాలికి కష్టమైంది, కాదనను. నేను చేనికి పోకపోతే నా సాలు కూడా ఆమే ఏరాల్సి వచ్చింది. పత్తికాయ డొప్పలు గీసుకుపోయి వేళ్లు పగిలిపోయి వచ్చేది. ఒక సాయంత్రం గడప దగ్గర నిలబడి, "నా పిల్లలు గూడ గదే తిని పెరిగిండ్రు. బతకలేదా?" అన్నది.

"బతికిండ్రక్కా. నా బిడ్డ బతకలే."

ఆమె ముక్కు చీది పోయింది. తరువాత నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఆమెమీద నాకు జాలి లేదా అంటే ఉంది. జాలి ఉన్నంత మాత్రాన కోపం పోతుందా?

మా అత్త మాత్రం గడప దాటేది కాదు. దాటనివ్వలేదు నేను. పొద్దున్నే వచ్చి గడప అవతల కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరేది. ఏరుతూ తొట్టెల వైపు చూసేది. బిడ్డ ఏడిస్తే చేయి లేచేది, నా ముఖం చూసి దించేసేది. నేను మెత్తబడలేదు.

పత్తి చివరి ఏరుడు నాటికి బిడ్డ బోర్లా పడుతున్నది. ఒకరోజు ఇంట్లో అందరూ చేనికి పోయారు, గడప అవతల బియ్యం ఏరుకునే మా అత్త తప్ప. తడిగుడ్డలు చాలా మిగిలిపోయాయి. బిడ్డ నిద్రపోతుండగా అవి ఎత్తుకొని పెరటి బావి దగ్గరికి పోయాను. ఉతుకుతుంటే ఏడుపు మొదలైంది. చేయి తొందర చేశాను. ఇంకో రెండు గుడ్డలు పిండి పోదామనుకున్నాను.

ఏడుపు ఆగిపోయింది.

మెల్లగా తగ్గలేదు, గొంతు మీద చేయి వేసినట్టు టక్కున ఆగింది. ఇంకో తల్లి అయితే హమ్మయ్య అనుకునేది. నాకు చేతుల్లో గుడ్డలు జారిపోయాయి. ఎలా పరిగెత్తానో తెలియదు. గుమ్మంలోంచి చూస్తే మా అత్త అర్ర లోపల, తొట్టెల పక్కన వంగి ఉంది. ఆమె వేలు నా బిడ్డ నోట్లో ఉంది.

ఆమె చేతిని ఒక్క దెబ్బ కొట్టాను. అత్త అని చూడలేదు, పెద్దది అని చూడలేదు. బిడ్డను లాక్కొని నోట్లో నా వేలు పెట్టి నాలుక కింద, చిగుళ్ల వెనక అంతా తుడిచాను. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. బిడ్డకంటే నేను ఎక్కువ అరిచాను.

"ఒక్కదాన్ని సంపిండ్రు, సాలదా? దీన్ని గూడ పడుకోబెడ్తరా? ఎవ్వలన్న అడిగిండ్రా నన్ను? గాలంట, గాలి! మీ నోట్ల మన్ను వడ, గాలి గాదు అది! నీ చెయ్యి! నీ చెయ్యి, అక్క చెయ్యి! మీ ఇద్దరికి ఎరికనే, ఊరందరికి ఎరికనే!"

ఆ మాట ఆ ఇంట్లో అంత గట్టిగా అన్నది నేనే మొదటిసారి. నేను కొట్టిన మా అత్త చేయి ఎర్రగా కందింది. ఆ చేతిని నా ముక్కు దగ్గరికి చాచి, "వాసన సూడు" అన్నది.

నల్లమందు వాసన నాకు కడుపులో తెలుసు. ఆ వేలికి అది లేదు. ఉత్త వేలు. బియ్యం దుమ్ము, బిడ్డ ఎంగిలి, అంతే.

"ఊకె వేలు సీకుడువెట్టిన పిల్లా. ఏడుస్తుంటే పానం ఆగలే" అన్నది. తరువాత స్నానం బండ మీద కూర్చుంది, కూలబడింది అనాలి. అప్పుడు అన్నది, నా వైపు చూడకుండా:

"నీ బిడ్డది నల్లమందే అంటవు. అను. నేను గాదంటలేను. మరి నావేందే? నావి ముగ్గురు. పెద్దోడు నడుసుకుంట తిరిగేటోడు. పొద్దుగాల పడుకోవెట్టి కల్లంకు వోయిన, వచ్చేవరకు సల్లగున్నడు. మా అత్త గాలన్నది. నేను గూడ గాలన్న. తర్వాత ఇంగొకడు, ఇంగొకతి. గాలి గాలి అనుకుంట బతికిన. నువ్వు గాలి గాదంటున్నవు. గాలి గాదంటే అది నా చెయ్యే గదనే? ముగ్గురినీ నా చెయ్యే గదనే?"

ఆమెకు ముగ్గురు పోయారని నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆయన కూడా. ఆ ఇంట్లో వాళ్ల ముచ్చటే లేదు.

నా కోపం దిగిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. దిగలేదు. ఇంకా పెరిగింది, ఎవరి మీద పోసుకోవాలో తెలియలేదు. ఆమె అత్త మీద, ఆ అత్తకు నేర్పిన అత్త మీద, పంచలో కూర్చొని పత్తి లెక్కపెట్టుకునే మగవాళ్ల మీద, చంటిపిల్లల నోట్లో పెట్టే దాన్ని పొగాకు పక్కన పెట్టి అమ్మిన దుకాణం మీద. ఆమెను క్షమించాను అని కూడా అనను. నా బిడ్డను నాకు ఎవరు తెచ్చిస్తారు?

అయినా లేచి వెళ్లాను. ఆమె ఒళ్లో బొంత పరిచి, ఏడుస్తున్న బిడ్డను పడుకోబెట్టాను. ఆమె భయపడి చేతులు రెండూ పైకెత్తింది, ముట్టుకోవచ్చా అన్నట్టు.

"పట్టుకో" అన్నాను. "నోట్ల మాత్రం ఏం వెట్టకు."

పట్టుకుంది. నేను గడపకు వీపు ఆనించి ఎదురుగా కూర్చున్నాను. బావి దగ్గర గుడ్డలు నీళ్లలో నానుతున్నాయి. నేను లేవలేదు. ఆమె చేతుల మీది నుంచి చూపు తిప్పలేదు.